బొమ్మల పుస్తకమే చదివానని చెప్పండి

ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో రెజ్యుమె తయారు చేసుకుంటున్నప్పుడు ‘హాబీలు’ అన్న చోట ‘నవలలు చదవడం’ అని రాశాను. మీలో సగం మంది కూడా అదే రాసి ఉంటారు, నాకు తెలుసు. ఆ గడి ఖాళీగా ఉంటే బాగుండదని రాసేస్తాం. దాని గురించి ఎవరూ అడగరులే అన్న ధైర్యం ఒకటి. నన్ను అడిగారు.

క్యాంపస్ ఇంటర్వ్యూ, ఆఖరి రౌండ్. ఎదురుగా ఇద్దరున్నారు. ప్రాజెక్టు గురించి, డేటాబేస్‌ల గురించి బాగానే చెప్పా. ఇద్దరిలో పెద్దాయన నా కాగితం చూసి, ‘ఈ మధ్య ఏ నవల చదివారు?’ అన్నారు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు. నెల కిందటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇరవై రూపాయలకు దాని బొమ్మల పుస్తకం కొన్నా. అట్ట చిరిగిపోయింది, ఎవరు గీశారో, ఎవరు అచ్చేశారో కూడా లేదు. హాస్టల్లో ఒక్క రాత్రిలో అయిపోయింది.

ఆయన మొహం వెలిగిపోయింది. ఆ నవలంటే నిజంగా ఇష్టమున్న మనిషి అనుకుంటా. ‘అయితే చెప్పండి, ఆ వికృతాకారానికి మాటలెలా వచ్చాయి?’ అని అడిగారు.

నా పుస్తకంలో వాడు మాట్లాడనే మాట్లాడడు. గుర్రుమంటాడు, తలుపులు విరగ్గొడతాడు, చివరికి మంచులోకి వెళ్లిపోతాడు. ‘డాక్టర్ నేర్పిస్తాడు సార్’ అనేశా. ఆయన చిన్నగా నవ్వి పక్కాయన వైపు చూశారు. మిగతా ప్రశ్నలన్నీ పక్కాయనే అడిగారు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క జవాబు వల్లే పోయిందని చెప్పలేను. కానీ ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

‘నేను చదివింది కామిక్ సార్, నవల ఇంకా చదవలేదు’ అని ఉంటే ఏమయ్యేది? బహుశా ఆయనే నాకు ఆ కథ చెప్పేవారు. పది నిమిషాలు హాయిగా మాట్లాడుకునేవాళ్లం.

గోడ సందులోంచి విన్న భాష

తర్వాత పౌరుషానికి పోయి అసలు నవల చదివా. మొదటి దెబ్బ ఏంటంటే, విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ డాక్టరే కాదు. ఇంగోల్‌స్టాట్ యూనివర్సిటీలో చదువుకునే కుర్రాడు, మీలాంటి విద్యార్థి. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది వాడి పేరే తప్ప ఆ వికృతాకారం పేరు కాదు. దానికి అసలు పేరే పెట్టలేదు. రాసిన మేరీ షెల్లీ కూడా చిన్నదే. 1816లో ఈ కథ మొదలుపెట్టినప్పుడు ఆమెకు 18 ఏళ్లు. అంతకు ముందు ఏడాది ఇండోనేసియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద వల్ల యూరప్‌కు ఎండాకాలమే రాలేదు. జెనీవా సరస్సు పక్కన వానకు ఇంట్లో చిక్కుకుపోయిన నలుగురు స్నేహితులు తలా ఒక దెయ్యం కథ రాద్దామని పందెం వేసుకున్నారు. అందులోంచి పుట్టింది ఈ నవల. 1818లో రచయిత్రి పేరు లేకుండానే అచ్చయింది.

ఇక నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు. పుస్తకం నడుమ దాదాపు ఆరు అధ్యాయాలు ఆ ప్రాణి తన కథ తనే చెప్పుకుంటుంది. పుట్టించినవాడు భయపడి పారిపోతే అడవులు పట్టి తిరిగి, ఒక పేద కుటుంబం ఇంటిని ఆనుకుని ఉన్న చిన్న కొట్టంలో దాక్కుంటుంది. గోడలో సందు ఉంటుంది. ఆ సందులోంచి నెలల తరబడి వాళ్ల మాటలు వింటుంది. ముందుగా వచ్చినవి నాలుగు మాటలు: నిప్పు, పాలు, రొట్టె, కట్టె. తర్వాత ఆ ఇంటికి సఫీ అనే పరాయి దేశపు అమ్మాయి వస్తే, ఆమెకు ఫెలిక్స్ ఫ్రెంచ్ పాఠాలు చెబుతాడు. గోడ ఇవతల కూర్చున్న వికృతాకారం కూడా ఆ పాఠాలు దొంగచాటుగా నేర్చుకుంటుంది. అడవిలో దొరికిన సంచిలోని పుస్తకాలు చదివేంత దూరం వెళ్తుంది. అందులో మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ ఒకటి.

ఇది చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నా. మాది బిచ్కుంద. కామారెడ్డి జిల్లాలో ఒక మూల. మద్నూర్ దాటితే మహారాష్ట్ర, జుక్కల్ దాటితే కర్ణాటక. సంతలో పావుకిలో మిరపకాయలు కొనేలోపు మూడు భాషలు చెవిన పడతాయి. మాకెవరూ మరాఠీ నేర్పలేదు. డెగ్లూర్ నుంచి వచ్చేవాళ్ల బేరాలు వింటూ వింటూ వచ్చేసింది. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ కూడా నాకు అలాగే వచ్చింది. కాన్వెంట్‌లో చదివిన పిల్లలు కారిడార్‌లో మాట్లాడుకుంటుంటే విని, రాత్రి పడుకునేముందు ఆ వాక్యాలు నోట్లో తిప్పుకునేవాణ్ని. గోడకు ఇవతల ఉన్నది నేనే. నా ఇరవై రూపాయల పుస్తకం ఆ ఆరు అధ్యాయాలను ఎగరగొట్టి నాకు గుర్రుమనే రాక్షసుణ్ని మాత్రమే మిగిల్చింది.

అందుకని బొమ్మల పుస్తకాలు పనికిమాలినవి అంటానేమో అనుకుంటున్నారా? లేదు. ఆ ఫుట్‌పాత్ పుస్తకం కొనకపోతే ఫ్రాంకెన్‌స్టైన్ అనే పేరే నా నోట్లోంచి వచ్చేది కాదు, ఆ ప్రశ్న పడేది కాదు, నవల జోలికి వెళ్లేవాణ్నే కాదు. ‘ఏందిరా, ఇంత పెద్దగైనవ్, ఇంకా బొమ్మల పుస్తకాలేనా?’ అని మా నాయిన అనేవాడు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. సిగ్గుపడకండి. ఏం వదిలేశారో వెతకండి, అంతే నేను అడిగేది.

గ్రూప్ డిస్కషన్‌లో కృత్రిమ మేధ మీద టాపిక్ వస్తే ఎవరో ఒకరు తప్పకుండా ‘ఫ్రాంకెన్‌స్టైన్ లాగా మనం చేసిందే మనల్ని మింగుతుంది’ అంటారు. ఆ నడిమి అధ్యాయాలు తెలిసినవాడికి ఇంకో మాట దొరుకుతుంది: విక్టర్ తప్పు తయారుచేయడంలో ఎంత ఉందో, తయారుచేసి వదిలేసి పారిపోవడంలో అంతకంటే ఎక్కువుంది. సాఫ్ట్‌వేర్ రిలీజ్ చేసి ఆ తర్వాత ఫోన్ ఎత్తని టీమ్‌లు నేను చూశాను కాబట్టి ఇది నాకు బాగా అర్థమవుతుంది.

రాసినాయనే విసుక్కున్నాడు

పుస్తకం ఒకవైపు, బొమ్మ ఒకవైపు అని మనం గీత గీసుకున్నాం గానీ ఇవి మొదటి నుంచీ కలిసే ఉన్నాయి. ఫ్రాంకెన్‌స్టైన్‌కు 1831 ఎడిషన్‌లోనే మొదటి బొమ్మ వచ్చింది. హెచ్‌.జి. వెల్స్ ‘వార్ ఆఫ్ ద వరల్డ్స్’ 1897లో పియర్సన్స్ మ్యాగజైన్‌లో సీరియల్‌గా వచ్చినప్పుడే వార్విక్ గోబుల్ బొమ్మలతో వచ్చింది. అంగారకుల మూడు కాళ్ల యంత్రాలను ఆయన గీసిన తీరు వెల్స్‌కు నచ్చలేదు. మరుసటేడు పుస్తకంగా వేసినప్పుడు కథలోనే ఒక పేరా కలిపి, ఎవరో చిత్రకారుడు ఆ యంత్రాలను కర్రల్లా బిగుసుకుపోయినట్టు గీశాడని విసుక్కున్నాడు. తర్వాత బ్రెజిల్‌కు చెందిన అల్విమ్ కొరియా అనే చిత్రకారుడు తన స్కెచ్‌లు పట్టుకుని వెళ్లి వెల్స్‌కు చూపించాడు. ఆ బొమ్మలతో 1906లో బ్రసెల్స్‌లో 500 కాపీల ఎడిషన్ వచ్చింది. ఆ యంత్రాలకు కళ్లున్నట్టు, అవి మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది. ఒకే నవల, ఇద్దరు చిత్రకారులు. ఒకరు యంత్రం గీశారు, ఇంకొకరు భయం గీశారు.

అమెరికాలో ఆల్బర్ట్ కాంటర్ అనే ఆయన 1941లో క్లాసిక్ నవలలను కామిక్స్‌గా వేయడం మొదలుపెట్టాడు. అదే తర్వాత ‘క్లాసిక్స్ ఇలస్ట్రేటెడ్’ అయింది. ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’ 1943లో, ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1945లో వచ్చాయి. ఆ కామిక్‌లో వాడు మాట్లాడతాడు, తన కథ చెప్పుకుంటాడు కూడా. అంటే లోపం కామిక్ అనే ప్రక్రియలో లేదు, నాకు దొరికిన పుస్తకంలో ఉంది. ఆ పుస్తకాల్లో నాకు బాగా నచ్చేది వెనక పేజీల్లో ఉండే చిన్న మాట: ఇది చదివారు కదా, ఇప్పుడు లైబ్రరీకి వెళ్లి అసలు పుస్తకం కూడా చదవండి అని. కామిక్ అమ్ముకునేవాడే నిజాయితీగా ఆ మాట చెప్పాడు. రెజ్యుమెలో నేను చెప్పలేకపోయాను.

1954లో అక్కడ కామిక్స్ వల్ల పిల్లలు చెడిపోతున్నారని పెద్ద గొడవ జరిగింది. పరిశ్రమ తనకు తనే ‘కామిక్స్ కోడ్’ పెట్టుకుని రక్తపిశాచాలు, నడిచే శవాలు నిషిద్ధం అంది. 1971లో ఆ కోడ్ సడలించారు. చెప్పిన కారణం తమాషాగా ఉంటుంది. డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ లాంటివి బడుల్లో చదివే గొప్ప సాహిత్యం కాబట్టి ఫర్వాలేదట! పాఠ్యపుస్తకం తలుపు తీస్తే దెయ్యం లోపలికొచ్చింది.

మన చెట్టు మీద శవం

ఇదంతా పరాయి సంగతి అనుకోకండి. మనకు బొమ్మలతో భయం నేర్పింది చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికలో బేతాళ కథ చదవని ఇల్లు ఒకప్పుడు అరుదు. అదేంటో ఆలోచించండి. శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, శవంలో బేతాళుడు, దాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు. పక్కా హారర్. మూలం పాతది, పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో కూడా ఉంది. అక్కడున్నవి ఇరవై అయిదు కథలే. అవి అయిపోయాక కూడా చందమామ వాళ్లు అదే చెట్టు, అదే శవం, అదే మౌనభంగం ఉంచి లోపలి కథ మాత్రం మారుస్తూ దశాబ్దాలు నడిపారు. శంకర్‌గా మనకు తెలిసిన కె.సి. శివశంకరన్ గీసిన ఆ కత్తి పట్టిన రాజు బొమ్మ ఇప్పటికీ మన కళ్ల ముందు ఉంటుంది. ఆయన 2020లో పోయారు.

సైన్స్ ఫిక్షన్‌కు వస్తే, ‘ఆదిత్య 369’ ఉంది కదా. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమాకు వెల్స్ ‘టైమ్ మెషీన్’ ప్రేరణ. కానీ ఆయన వెల్స్ కథ తీయలేదు. యంత్రాన్ని తీసుకొచ్చి కృష్ణదేవరాయల కొలువులో దించారు. 

మరి తెలుగులో ఫ్రాంకెన్‌స్టైన్ కామిక్ ఏది, డ్రాక్యులా కామిక్ ఏది అంటే నా అల్మరాలో ఒక్కటీ లేదు. ఢిల్లీకి చెందిన క్యాంప్‌ఫైర్ లాంటి సంస్థలు ఇంగ్లిష్‌లో చక్కగా వేస్తున్నాయి. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ నవల చూస్తే గుండె జారిపోయే పిల్లలకు మొదటి మెట్టు ఇదేనని నా నమ్మకం. ముందు బొమ్మల్లో కథ తెలుసుకుంటే తర్వాత అసలు పుస్తకంలో ప్రతి మాటకూ డిక్షనరీ తీయక్కర్లేదు, ఎవరు ఎక్కడున్నారో ముందే తెలుసు కాబట్టి. అసలు పుస్తకాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతాయి. ‘టైమ్ మెషీన్’తో మొదలుపెట్టమంటా, చాలా చిన్నది. ‘డ్రాక్యులా’ పెద్దదే గానీ అంతా ఉత్తరాలు, డైరీలు, టెలిగ్రామ్‌లు. రోజుకొక ఉత్తరం చదువుకోవచ్చు. ‘జెకిల్, హైడ్’ చిన్నదే అయినా వాక్యాలు మెలికలు తిరుగుతాయి, తర్వాత పట్టుకోండి.

గీసేవాళ్లతో కాసేపు

మీలో కొందరు క్లాసులో నోట్స్ అంచుల మీద బొమ్మలు వేస్తూ ఉంటారు. మీకోసం ఇది.

తెలుగు కామిక్స్ గీసి ఇల్లు నడపొచ్చని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ల వీడియోలు చూసి ఉద్యోగ ప్రయత్నాలు మానుకోవద్దు. కానీ ఒక నవల నుంచి ఎనిమిది పేజీలు కామిక్‌గా మార్చి చూపించండి. యానిమేషన్, గేమ్స్, సినిమా స్టోరీబోర్డ్, యాప్ డిజైన్, ఏ ఇంటర్వ్యూలోనైనా మాట్లాడడానికి అది పనికొస్తుంది. రెండొందల పేజీల్లోంచి ఏది ఉంచారు, ఏది తీసేశారు, ఎందుకు అన్న ప్రశ్నకు మీ దగ్గర సొంత జవాబు ఉంటుంది. బొమ్మ మొత్తం ఏఐతో చేయించారనుకోండి, ‘ఈ ఫ్రేమ్ కింది నుంచి ఎందుకు చూపించారు?’ అని అడిగితే నా ‘డాక్టర్ నేర్పిస్తాడు సార్’ లాంటి జవాబే మీకూ వస్తుంది.

దారులు లేకపోలేదు. హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ పెట్టి ఛోటా భీమ్‌ను తెచ్చిన రాజీవ్ చిలక చదివింది కంప్యూటర్ సైన్స్. ఫ్రాంకెన్‌స్టైన్‌ను మాంగాగా మార్చి 2019లో ఐస్నర్ అవార్డు తీసుకున్న జపాన్ చిత్రకారుడు జుంజి ఇటో అంతకు ముందు డెంటల్ టెక్నీషియన్. డిగ్రీ, ఇంజినీరింగ్ చేసినవాళ్లు ఐఐటీల్లో మాస్టర్ ఆఫ్ డిజైన్‌కు ‘సీడ్’ రాయొచ్చు, ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. ఇంటర్ పిల్లలైతే మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ యానిమేషన్ కోర్సు చూడండి.

హక్కుల సంగతి మాత్రం తెలుసుకునే దిగండి. మన చట్టంలో రచయిత చనిపోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. మేరీ షెల్లీ 1851లో, స్టీవెన్సన్ 1894లో, ‘డ్రాక్యులా’ రాసిన బ్రామ్ స్టోకర్ 1912లో పోయారు. 1946లో పోయిన వెల్స్ రచనలు మన దేశంలో 2007 నుంచి అందరివీ. అయితే చదునైన తల, మెడకు రెండు బోల్టులు గీశారా, అది నవలలోది కాదు, 1931 యూనివర్సల్ సినిమాది. దాని జోలికి వెళ్లకండి. నవలలో ఉన్నది పసుపు చర్మం, నల్లటి పొడుగు జుట్టు, తెల్లటి పళ్లు, ఎనిమిదడుగుల ఎత్తు. అనువాదాలకూ వేరే హక్కులుంటాయి. స్టీవెన్సన్ ‘ట్రెజర్ ఐలాండ్’ కథ మీరు వాడుకోవచ్చు. నండూరి రామమోహనరావు ‘కాంచనద్వీపం’లోని తెలుగు వాక్యాలు వాడుకోకూడదు. 1922లో జర్మనీలో డ్రాక్యులాను అనుమతి లేకుండా ‘నోస్ఫెరాటు’ అని పేర్లు మార్చి సినిమా తీశారు. స్టోకర్ భార్య కోర్టుకెక్కింది, కాపీలన్నీ నాశనం చేయమని తీర్పు వచ్చింది. కొన్ని ఎక్కడో మిగిలాయి కాబట్టి ఈ రోజు చూడగలుగుతున్నాం.

ఇక నా బ్లాగులో ఎక్కువ మంది అడిగేది అక్షరాల గురించి. ఇంగ్లిష్ కామిక్‌లోని బుడగలో తెలుగు పెడితే పట్టదు. మనకు కింద వత్తులు, పైన గుడులు. వరుసల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి. అందుకే బుడగ గీశాక మాటలు ఇరికించకండి, మాటలు రాసుకున్నాకే బుడగ గీయండి. బొమ్మ క్రిటాలో వేసుకుని అక్షరాలు ఇంక్‌స్కేప్‌లో పెడితే వత్తులు విడిపోవు, రెండూ ఉచితమే. మల్లన్న, మండలి, రామభద్ర, ధూర్జటి లాంటి తెలుగు ఫాంట్‌లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. శబ్దాలకైతే మనం ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోనక్కర్లేదు. కిర్రు, దబ్బు, ఫెళఫెళ, గజగజ అన్నీ ఇంట్లోనే ఉన్నాయి.

పోయిన దసరాకు ఇంటికి వెళ్లినప్పుడు మా చిన్నాయన బిడ్డకు ఈ గోడ సందు కథ చెప్పా. బిచ్కుందలోనే డిగ్రీ చదువుతోంది, బొమ్మలు బాగా వేస్తుంది. మూడు రోజుల తర్వాత నాలుగు పేజీలు పట్టుకొచ్చింది. జర్మనీ లేదు, మంచు లేదు. మా ఊరి లాంటి ఊళ్లో పశువుల కొట్టం, గోడ అవతల మరాఠీ మాట్లాడే ఇల్లు. బుడగల్లో ‘దూద్’, ‘భాకరీ’, ‘లాకూడ్’. వాడి మొహం ఒక్క ఫ్రేమ్‌లోనూ లేదు. ప్రతి బొమ్మా గోడ సందులోంచి వాడికి కనబడినట్టే గీసింది.

‘మొహం ఎందుకు వెయ్యలే?’ అన్నా. ‘ఆ ఇంట్ల ముసలాయన గుడ్డోడు అని చెప్పినవ్ గద అన్నా. వాడు మాట్లాడితే ఆయన ఒక్కడే భయపడడు. చదివేటోళ్లు గూడ భయపడొద్దని’ అంది.

నవలలో ఉన్నది సరిగ్గా అదే. ముసలి డి లేసీకి చూపు లేదు. అందుకే ఆ ప్రాణి ధైర్యం చేసి మొదట ఆయనతోనే మాట్లాడుతుంది, ఆయన మర్యాదగా వింటాడు. అంతలో మిగతావాళ్లు వచ్చి మొహం చూస్తారు, ఫెలిక్స్ కర్ర తీసుకుంటాడు. నవల చదువుతున్నంతసేపు మనమూ ఆ ముసలాయన లాంటివాళ్లమే, గొంతే వింటాం. కామిక్‌లో ప్రతి పేజీలో మొహం చూపించేస్తే ఆ గొంతు ఎవరికీ వినబడదు. నాకు దొరికిన పుస్తకం గీసినాయనకు తట్టనిది మా చెల్లికి తట్టింది.

అయిదో పేజీ దగ్గర ఆగిపోయింది. వాడు ముసలాయనతో మొదటిసారి మాట్లాడాలి. ‘ఈ బుడగల మరాఠీ రాయాల్నా, తెలుగు రాయాల్నా అన్నా?’ అని నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది. మరాఠీ అయితే మన పాఠకుడికి అర్థం కాదు, తెలుగు అయితే వాడు ఇన్నాళ్లూ నేర్చుకున్నది కనబడదు. నేనింకా జవాబివ్వలేదు.